చెవులు పోయినాంక నేర్చిన అక్షరాలు

"మీ గురించి ఏదైనా రాసుకురండి పిన్నిగారూ" అనింది టీచరమ్మ. "ఈ వయసులో చదువు నేర్చుకోవడం ఎంత ఆనందంగా ఉందో రాయండి, పిల్లలకు చదివి వినిపిస్తాను." ఆమెది గోదావరి పక్క. ఈ కువైటులో నన్ను గారు అని పిలిచేది ఆమె ఒక్కతే. నా చెవి కాడికి వంగి అరిస్తే గానీ నాకు ఎక్కదు గాబట్టి, పాపం, ఆ గారును కూడా అరిచే చెప్పాల్సొస్తాది. నేను తలకాయ ఊపితి. ఆనందమంట! రాయమనింది గాబట్టి రాస్తా, కాకపోతే జరిగిందే రాస్తా. ఆమె చేతికి ఇస్తానో నేనే చించి పారేస్తానో రాసినాంక చూస్తా.

మాది రాయచోటి పక్క పల్లె. ఈడికొచ్చి ఎన్నేండ్లాయెనో లెక్క పెట్టను, పెడితే ఏడుపొస్తాది. వచ్చినప్పటినుంచి ఒకే ఇంట్లో వంటపని. ఆ ఇంటి పెద్దామెను మామా అంటాం, ఈడ పనికుండే ఆడోళ్ళంతా ఇంటామెను అట్లే అంటారు. నేను విమానం ఎక్కేటప్పుడు నా కూతురు మూడో తరగతి, కొడుకు ఇంగా చంకబిడ్డ. మా అమ్మ మాదిరి, నా మాదిరి అది కూలికి పోకూడదు, ఎండలో శెనిక్కాయ చెట్లు పెరికి నడుము పోగొట్టుకోకూడదు, పలక పట్టుకోని బడికి పోవాల, అదే నా పంతం. దానికోసమే వస్తి. ఫోన్లో అడిగినప్పుడల్లా మా ఆయన "చదువుతాండాదిలే" అనేవాడు. కొన్నేండ్లకు "పది తప్పింది, ఇంగ చాల్లే" అనె. పది తప్పితే ఏమి, తొమ్మిది దాకా వచ్చినట్టే గదా అని నేను ఈడ తోటి ఆడోళ్ళకు చాక్లెట్లు పంచితి. దానికి పెండ్లి చేస్తిమి. తర్వాత ఆయన పాయె, కొడుకు బెంగుళూరు పాయె. నేను ఈ వంటింట్లోనే ఉండిపోతి.

చెవులు ఒక్కరోజులో పోలా. ముందు కుక్కరు విజిలు పాయె. కూర మాడి ఇల్లంతా పొగ నిండితే మామా వచ్చి, చెవుల్లో దూది పెట్టుకున్యావా అని చేతులు ఆడించి తిట్టె. తర్వాత మసీదు బాంగు పాయె. మధ్యాహ్నం బాంగు వినపడితే బియ్యం పొయ్యి మీదికి ఎక్కించేదాన్ని, ఇంగ గడియారం వంక చూస్తా కూచ్చోవాల్సి వచ్చె. తర్వాత మనుషుల మాట పాయె. ఆస్పత్రిలో నరం చచ్చిపోయిందనిరి. చెవికి మిషను పెట్టి చూసిరి. మాట వినపడలా, మోత వినపడె, రేకుల ఇంటి మీద వాన పడినట్టు. తీసి వాళ్ళకే ఇచ్చేస్తి. కుడిచెవిలో ఎవురన్నా నోరు పెట్టి అరిస్తే ఇప్పటికీ కొంచెం అందుతాది. ఫోను మాత్రం ఖలాస్.

ఫోను పోతే ఏం పోతాదో చదువుకున్నోళ్ళకు తెల్దు. మాలాంటి ఆడోళ్ళకు ఫోనంటే వాయిసే. చదవను రాదు, రాయను రాదు. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడతాం, వేలు తీస్తే ఊరు చేరిపోతాది. ఊరినుంచి వచ్చినవి గిన్నెలు తోముతా వింటాం, గుడ్డలు ఇస్త్రీ చేస్తా వింటాం, బాగున్నెవి మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటాం. నా కూతుర్ని నేను చెవితోనే పెంచినా. అది పెద్దమనిషయితే విన్యా, అత్తగారింటికి పోతా ఏడిస్తే విన్యా, దానికి బిడ్డ పుడితే ఆ పసిదాని ఏడుపు విన్యా. ఇప్పుడు అది ఏం మాట్లాడినా నాకు ఫోన్లో పొడుగు గీతే కనపడతాది.

చెవుడుతో ఇంగొక రోగం కూడా ఉండాది. మన గొంతు మనకే తెల్దు. గుసగుసగా చెప్తాండానని నేను అనుకుంటా, నా నోరు తిరునాళ్ళ మైకు మాదిరి మోగుతాంటాదంట. నా కూతురుండేది ఒక గది, ఒక వసారా. దాని అత్తవి పాము చెవులు. వీడియో కాల్లో నేను నోరు తెరిస్తే చాలు, అది పెదాల మీద వేలు పెట్టుకోని కండ్లతోనే నన్ను బతిమలాడేది. వాయిస్ పంపినా అంతే, చెవికి ఆనించుకున్నా వసారా అంతా వినపడాల్సిందే. అది చెప్పేది నేను వినలేను, నేను చెప్పేది దాచలేను. ఇట్ల అయిపోయె తల్లీబిడ్డల బతుకు.

పోయినేడు ఒక జుమ్మా, అంటే శుక్రవారం, మాకు సెలవు పూట, ఫహాహీల్ పోయే బస్సులో ఉండాం నేనూ పీలేరామే. ఈడ మమ్మల్ని పేర్లతో పిలిచేవాళ్ళు తక్కువ, ఊరి పేరే మా పేరు. పీలేరామె మంచి మనిషే గానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నా కూతురు పంపిన వాయిసులు జుమ్మా జుమ్మాకు ఆమే విని నా చెవిలో చెప్పేది. ఆ పొద్దు ఫోను చెవికి పెట్టుకోని వింటా వింటా మొగం మార్చె. ఏంది మే, ఏంది అని నేను చెయ్యి గుంజితి. నా కుడిచెవిలో నోరు పెట్టి అరిచె.

"నీ కూతురికి నెలంతా నెత్తర పోతానే ఉండాదంటక్కా! లేస్తే కండ్లు తిరుగుతాండాయంట! మొగునికి చెప్తే ఆడోళ్ళకు అది మామూలే అన్యాడంట!"

ముందు సీట్లలో అంతా మనోళ్ళే, కరీంనగర్ పక్కోళ్ళు, సెలవుకు తలలు దువ్వుకోని పోతాండారు. అందరూ ఎనక్కి తిరిగి చూసిరి. ఒకాయన మంచిగానే "బిడ్డను దవాఖానకు పొమ్మను అవ్వా, గట్ల ఇడిసిపెట్టొద్దు" అన్యాడంట, పీలేరామె అది కూడా నా చెవిలో అరిచె. బస్సు సముద్రం పక్కనే పోతాంది. దూకి దాంట్లో పడితే బాగుండు అనిపించె. మొగుని తర్వాత అది తల్లికి ఒక్కదానికే చెప్పుకున్నె గుట్టు ఫహాహీల్ బస్సెక్కినోళ్ళందరికీ తెలిసిపాయె.

అంతటితో పోలా. పీలేరామె మంచికే అనుకోని నా ఫోన్లో దానికి వాయిస్ పెట్టె. "బస్సులో అందరూ అంటాండారమ్మా, బిన్నా, ఈ పొద్దే డాక్టరు కాడికి పో" అనింది. అందరూ! ఆ పొద్దునుంచి నా కూతురు గుట్టు విప్పలా. వాయిసులు వస్తానే ఉండె. పీలేరామె విని "బాగున్యా అంటాంది, నువ్వు తిన్యావా అంటాంది" అని చెప్తాది, అంతే. వీడియోలో చూస్తే మొగం పాలిపోయి పిండి మాదిరి ఉండాది. బాగున్నెదాని మొగమా అది?

ఇంటికి పోవచ్చు గదా అంటారు. అడగలేదనుకున్యారా? రంజాను పోనీ అనె మామా, తర్వాత మనమరాలి పెండ్లి అయిపోనీ అనె. ఈ వయసులో ఒకసారి పోతే మళ్ళీ ఇఖామా, అదే ఈడ ఉండేదానికి ఇచ్చే పర్మిటు, కొట్టరని పీలేరామె భయపెట్టె. నేను పంపేదాన్తోనే గదా ఆ వసారాలో పొయ్యి వెలిగేది. కొడుకుతో ఇట్లాంటివి చెప్పుకుంటామా, మగపిల్లోడు. ఎటు చూసినా గోడే. ఒకటే దోవ కనపడె. అది తొమ్మిది దాకా చదివింది, రాస్తాది. నేను చదవను నేర్చుకుంటా. నేను రాస్తా, అది చదువుకుంటాది. మధ్యలో ఎవురి నోరూ ఉండదు, ఎవురి చెవీ ఉండదు.

హవల్లీలో ఒక టీచరమ్మ వాళ్ళ ఫ్లాటులో జుమ్మా మధ్యాహ్నాలు పిల్లలకు తెలుగు చెప్తాదని ఎవురో చెప్పిరి. ఈడ పుట్టి పెరిగిన పిల్లోళ్ళకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు గదా, వాళ్ళకోసం. పోయి వాకిట్లో నిలబడితి. ఎవరి పిల్లను తీసుకొచ్చారు పిన్నిగారూ అని అడిగె ఆమె, నాకు వినపడేదాకా అడిగె. నేనే పిల్లను అంటి. ఆమె నవ్వలా, లోపలికి రమ్మనె. పీలేరామె మాత్రం కడుపు పట్టుకోని నవ్వె.

"కాటికి కాళ్ళు చాపుకోని అ ఆ లు దిద్దుతావా అక్కా? మొక్కై వంగనిది మానై వంగుతాదా?"

"వంగకపోతే విరుగుతాది, నీకేం పోయె?" అంటి నేను.

విరిగినంత పనే అయ్యె. ఈ వయసులో నేర్చుకునేది ఎట్లుంటాదో చెప్తా వినండి. జుమ్మా నేర్చింది ఆదివారానికి పోతాది. కండ్లద్దాలు పెట్టుకున్నా ఘ, ఝ అన్నీ ముగ్గులే. క కూ గ కూ తేడా పిల్లోళ్ళకు చెవితో చెప్తారు, నాకు చెవి లేదు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకోని తన గొంతు మీద పెట్టుకోని పలికేది. గొంతు అదిరితే గ, అదరకపోతే క. ఆమె మెత్తటి మెడ మీద నా గరుకు చెయ్యి పెట్టను నాకు సిగ్గు. పక్కన కూచ్చున్నె చిన్నపిల్ల పేజీ గడగడా చదివేసి నా పుస్తకంలోకి తొంగి చూసేది, ఈ ముసలామె ఇంగా ఈడనే ఉండాదే అన్నట్టు. పుస్తకం మూసేసి పోదామని ఎన్ని తూర్లు లేస్తినో. పిండి మాదిరి ఉన్నె మొగం గుర్తొచ్చి మళ్ళీ కూలబడేదాన్ని.

ఇంట్లో దిద్దుకునే తావు లేదు. రొట్టెల పిండి పళ్ళెంలో పరిచి వేలితో రాసుకునేదాన్ని. ఎవురన్నా వస్తే అరచేత్తో తుడిపేసి నీళ్ళు పోసి కలిపేసేదాన్ని. నా అక్షరాలు ఎన్ని ఈ ఇంటోళ్ళ కడుపుల్లోకి పోయెనో ఆ దేవునికే తెలుసు.

మామా కూడా చదువుకుంటాంది, అది చెప్పాల. డెబ్బై దాటినాంక ఖురాను తప్పు లేకుండా చదవాలని ఆమెకు పట్టుదల వచ్చె. పెద్ద వయసు ఆడోళ్ళకనే ఒక బడి ఉండాది, డ్రైవరు తీసుకపోతాడు, సంచి మోసేది నేను. ఆమె ఒక భాగం ముగిస్తే కొడుకులూ కోడండ్లూ వచ్చి కేకు కోసిరి, మనమరాండ్లు తల మీద ముద్దులు పెట్టిరి. ఆమె మీద నాకు కుళ్ళు లేదు. ఆమె కూడా ఒక్కొక్క వరస దగ్గర ఎంత తన్నుకులాడేదో నేను చూసినా. కాకపోతే నేను డబ్బాల మీద ఉప్పు, పసుపు అని రాసి అతికిస్తే, వంటిల్లు పాడు చేస్తాండావని నాతోనే చింపించె. ఈ వయసులో నీకెందుకు చదువు అని చెయ్యి తిప్పి అడిగె. నా కూతురి నెత్తర సంగతి ఈమెకు కూడా చెప్పాల్నా? నవ్వి గిన్నెలు తోమను పోతి.

ఎండలు ముదిరి, తగ్గి, మళ్ళీ సలికాలం వచ్చేటప్పటికి కూడబలుక్కోని చదివేదాన్నయితి. హవల్లీ అంగట్లో ఊరగాయ సీసా మీద "మామిడికాయ" అని ఉంటే నిలబడి చదువుకుంటి. అంగడాయన సీసా కొనమని చేతికిచ్చె, వద్దని పెట్టేస్తి. టీచరమ్మ నా ఫోన్లో తెలుగు అక్షరాలు పెట్టించె. బ్లీచింగు నీళ్ళకు పగిలిన వేళ్ళు, ఒకటి నొక్కితే ఇంగొకటి పడేది. మామా కునుకు తీసే మధ్యాహ్నమంతా కూచ్చోని మొదటి మాట రాస్తి. "అమ్మీ నేనే రాసినా. నెత్తర ఆగిందా. ఎవురికీ చెప్పను. ఒట్టు." పంపిస్తి. టిక్కులు రెండూ నీలం అయ్యె. చూసింది! నా కూతురు నా రాత చూసింది! పొయ్యి కాడ ఒక్కదాన్నే నిలబడి ఏడిస్తి. టీచరమ్మ అడిగిన ఆనందం అదొక్కటే, అది కూడా ఎంతసేపో ఉండలా.

జవాబు వచ్చె. వాయిస్.

నాకు ఒళ్ళు మండె. ఇంత చేసి నేను రాస్తే మళ్ళీ వాయిసా? "నోటితో వద్దు. రాయి" అని పంపిస్తి. నీలం అయ్యె. కొంచేపటికి ఒక రోజాపువ్వు బొమ్మ, ఒక దండం బొమ్మ, ఎనకాలే మళ్ళీ వాయిస్, పొడుగుది. ఇట్లే ఆయె రోజూ. నేను రాసేది, అది మాట్లాడేది. చెవిటోళ్ళ ముందు శంఖం ఊదొద్దే తల్లీ అని కూడా రాస్తి. వీడియోలో కనపడితే "రాయి మే, రాయి!" అని అరిస్తి, ఈ మాట అత్త విన్నా ఏం పోతాదిలే అని. తలకాయ ఊపె. మర్నాడు మళ్ళీ వాయిసే.

ఆ వాయిసులు పీలేరామెకు ఇయ్యలా నేను. ఒట్టు పెట్టినా గదా. మాటను అక్షరాలుగా మార్చే ఉపాయం ఫోన్లోనే ఉందని టీచరమ్మ చెప్పె. దానికైనా ముందు ఫోను ఆమె చేతికి ఇయ్యాల, ఏం వస్తాదో ఆమె కండ్లబడాల. బస్సులో ఒకసారి జరిగింది చాలు. తెరవకుండా అన్నీ అట్లే పెట్టుకుంటి, ఒకదాని కింద ఒకటి. దీనికి ఎంత పొగరో చూడు అనుకుంటి. పాచిపని చేసే తల్లికి రాత ఒకటా అనుకుంటాందేమో. నిన్ను బడికి పంపను సముద్రం దాటింది ఎవురే, నాలుగు అక్షరాలు రాయను నీకు చేతులు నొస్తాండాయా? ఆ మాట కూడా రాసి పంపిస్తి. దానికీ నీలం టిక్కులే, దానికీ దండం బొమ్మే.

మొన్న జుమ్మా ఇంగ ఓర్చుకోలేక టీచరమ్మ కాడ పిల్లోళ్ళ తెల్ల పలక, తుడిస్తే పోయే పెన్ను అడిగి తెచ్చుకుంటి. అది రాయకపోతే పోనీ. నేను పలక మీద రాసి వీడియోలో చూపిస్తా, అది తలకాయ ఊపితే చాలు. అవునంటే అవును, కాదంటే కాదు. నోరు వద్దు, చెవి వద్దు, దానికి రాసే శ్రమ కూడా వద్దు. నా తెలివికి నేనే మురిసిపోతి.

కాల్ చేస్తి. వసారాలో కూచ్చోనుండాది, చాటలో బియ్యం ఏరుతా. ఎనకాల అత్త అటూ ఇటూ తిరుగుతాంది. నేను నోరు గట్టిగా మూసుకోని పలక ఎత్తితి. "బాగున్యావా?" అబ్బ, నా బిడ్డ మొగం ఎట్ల వెలిగె! పలకను చూపించి, నన్ను చూపించి, నువ్వేనా అన్నట్టు చెయ్యి తిప్పె. నేనే అని రొమ్ము తట్టుకుంటి. ఊ అని తలకాయ ఊపె. తుడిచి ఇంగొకటి రాస్తి. "నెత్తర ఆగిందా?" నవ్వతా ఊపె. నా గుండె మీదినుంచి బండ దిగినట్టాయె. "ఆస్పత్రికి పోయినావా?" ఊపె. ఏడుకొండలవాడా, నీకు దండం తండ్రీ అని పైకి చూసి మొక్కుకుంటి. "డాక్టరు ఏమన్యారు?" అని రాస్తి, పెదాల కదలిక చూసి అంతో ఇంతో తెలుసుకుందామని.

దానికీ ఊపె. అదే నవ్వు, అదే ఊపు.

సరిగా కనపడలేదేమో అని పలక దగ్గరికి తెస్తి. మళ్ళీ ఊపె. నాకు ఏదో గుచ్చుకునె. తుడిచి, "ఈపొద్దు ఏం కూర?" అని రాస్తి. ఊపె. "మీ అమ్మ చచ్చిపోయిందా?" అని రాసి చూపిస్తి. నవ్వతా, ఊ ఊ అని ఊపె.

మూడో తరగతి. నేను విమానం ఎక్కినాంక ఆ ఇంట్లో సంగటి కెలికింది ఎవురు? చంకబిడ్డను ఎత్తుకున్నెది ఎవురు? బోరింగు కాడినుంచి నీళ్ళు మోసింది ఎవురు? "చదువుతాండాదిలే" అన్యాడు ఆ మహానుభావుడు, నేను ఆ మాట పట్టుకోని ఇన్నేండ్లు ఇంగొకరింట్లో గిన్నెలు తోమితి. సెలవుకు పోయినప్పుడు అది పుస్తకం ముందేసుకోని కూచ్చుంటే చూసి మురిసినా. తలకిందులుగా పట్టుకున్నా నా కంటికి అది చదువే. చదువు రానిదానికి ఎదుటిమనిషి చదువు ఎట్ల తెలుస్తాది? ఆ తెరవని వాయిసులన్నిట్లో అది ఏం చెప్పుకోనుండాదో. నెత్తర సంగతి చెప్పిందో, నాకు రాదు మా, నాకు రాదు మా అని ఏడ్చిందో.

అది ఇంగా నవ్వతానే ఉండాది. చాట పక్కన పెట్టి, తర్వాత ఏం చూపిస్తానా అని పలక వంకే చూస్తాంది. మొగంలో నెత్తర చుక్క లేదు. నేను పలక తుడిచి, టీచరమ్మ మెచ్చుకునే మాదిరి గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాస్తి.

"నీకు చదవను రాదా అమ్మీ?"

ఎత్తి చూపిస్తి. నా బిడ్డ నవ్వింది. నవ్వి, ఊ అని తలకాయ ఊపింది.